పరుపు మీద కొత్త గలీబు

మా చిన్నాడపడుచు "బయల్దేరాం వదినా" అని ఫోన్ చేసి, నేను నోరు తెరిచేలోపే పెట్టేసిన దగ్గర పోయిన వారం ఆగాం. బయల్దేరాం అంటే తనూ, తన కుక్కా.

మధ్యలో చేరినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్తాను. మాది సోఫాలు కుట్టే పని. కింద షాపు, పైన ఇల్లు. చట్రాలు, స్ప్రింగులు, స్పాంజి మా ఆయనవి. గుడ్డ కొలిచి కోసి కుట్టడం నాది. ఇంట్లో మాతోపాటు మా అత్తయ్య, దొర అనే ముసలి బుల్లి కుక్క, మేనేజరు అనే పిల్లి ఉంటారు. ఆడపడుచుని ఇంట్లో ఇప్పటికీ చంటి అనే పిలుస్తారు. చంటి కాపురం విడిపోయింది. పనిచేసే ఆస్పత్రి వాళ్ళే ఒక గది ఇచ్చారు గానీ అందులోకి కుక్కల్ని రానివ్వరు. చంటి కుక్క గున్న అలాంటిలాంటి కుక్క కాదు, గ్రేట్ డేన్. నాలుగు కాళ్ళ మీద నిలబడితేనే దాని తల నా కుట్టుమిషను బల్లని దాటుతుంది. పిల్లితోపాటే పెరిగిందని చంటి చెప్పింది. దాన్ని మేం తెచ్చుకోవాలా, ఉన్న రెండు ప్రాణాలతో అది సర్దుకుంటుందా అన్నది కొన్ని వారాలుగా మా ఇంట్లో నలుగుతున్న విషయం.

నలుగుతున్నది విషయం కాదు, నేను.

మా ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అన్నారు. అత్తయ్యని అడిగితే "నాదేముందమ్మాయ్, చేసుకునేదానివి నువ్వు, నీ ఇష్టం" అన్నారు. చంటి అయితే ఫోన్లో ముక్కు చీదుకుంటూ "నేను బలవంతం చెయ్యను వదినా, నీ ఇష్టం" అంది. వినడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి. ఈ ఇంట్లో గోడల రంగు మార్చేటప్పుడు నన్నెవరూ అడగలేదు. కొత్త మంచం ఏ మూల వెయ్యాలో అడగలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం తీసుకెళ్ళి సింహాసనం మీద కూర్చోబెట్టారు. ఒప్పుకుంటే చాకిరీ నాది. ఒప్పుకోకపోతే పాపం నాది.

మా ఆయన దగ్గర ఇంకో సౌకర్యం కూడా ఉంది. పాత కుర్చీలకి గుడ్డ బిగించేటప్పుడు ఆయన పిన్నుల గన్ వాడరు, చిన్న మేకులే వాడతారు. గుప్పెడు మేకులు నోట్లో వేసుకుని, నాలుకతో ఒక్కొక్కదాన్నీ పెదాల మీదికి తెచ్చుకుని కొడతారు. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతి. పెళ్ళయిన కొత్తలో అది చూసి, ఎక్కడ గుటుక్కున మింగేస్తారోనని హడలిపోయేదాన్ని. ఆ మేకులు కుర్చీల కోసమే కాదని తర్వాత్తర్వాత తెలిసింది. నేను ఏదైనా తేల్చి అడగబోతున్నానని కనిపెట్టగానే చెయ్యి డబ్బాలోకి వెళ్తుంది, మేకులు నోట్లోకి వెళ్తాయి. ఇక "ఊఁ" అనో "ఊఁహూఁ" అనో తప్ప మాట రాదు.

ఇలా లాభం లేదని నేనే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఒక దారి చెప్పింది.

"మొదటే ఎదురెదురుగా నిలబెట్టకండి. పెద్దది పడుకునే గుడ్డ ఏదైనా తెచ్చి మీ ముసలాడి పరుపు మీద వెయ్యండి. వాడికి చూపు లేదు కదా, వాడి కళ్ళు వాడి ముక్కులోనే ఉన్నాయి. ఆ వాసన మీద తిని, పడుకుంటే సగం పని అయినట్టే. పడుకోకపోతే మాత్రం మీరు మొండికెయ్యకండి."

చంటి, గున్న పడుకునే మట్టిరంగు రగ్గు పంపించింది. మా ఆయనే తీసుకుని దొర పరుపు మీద పరిచారు. "నువ్వు హోటలు కుర్చీల హడావుడిలో ఉన్నావు, దొర సంగతి నేను చూసుకుంటాలే" అన్నారు. ఆ వారమంతా వాడికి తిండి పెట్టడం, బయటికి తిప్పడం, పక్క దులపడం అన్నీ ఆయనే. ఎంత మంచి మనిషి అనుకున్నాను. దొర పరుపు అత్తయ్య మంచం కింద, చీకటి మూల ఉంటుంది. నేను తొంగి చూసినప్పుడల్లా ఆ మట్టిరంగు మీద ముడుచుకుని గుర్రు పెడుతూ కనిపించేవాడు. మేనేజరు కూడా పోయి ఒక పక్కన చోటు చేసుకునేవాడు. నిజం చెప్పొద్దూ, ఆ నిద్ర చూసే నా మనసు మెత్తబడింది. చంటి వచ్చాక సరేనని నా నోటితోనే చెబుదామనుకున్నాను.

వ్యాను వచ్చి ఆగేసరికి నేను షాపులో మేనేజరు స్టూలుకి కొత్త వెల్వెట్టు ముక్క బిగిస్తున్నాను. ఆ స్టూలు గుడ్డ కోసే బల్ల పక్కనే ఉంటుంది. ఏ కొత్త గుడ్డ వచ్చినా ముందు ఒక ముక్క దానికి కొట్టి ఉంచుతాం. మేనేజరు వస్తాడు, చుట్టూ ఒకసారి తిరుగుతాడు, వాసన చూస్తాడు, గోళ్ళు దింపుతాడు. నాలుగు రోజులు పోయాక కూడా పోగు లేవకపోతే ఆ గుడ్డ చిన్నపిల్లలున్న ఇళ్ళకి పనికొస్తుంది. లేస్తే అది చూసుకోవడానికే. ఖాతాదారులు కూడా "మేనేజరు గారు పాస్ చేశారా?" అని అడిగి మరీ తీసుకుంటారు. స్టూలు మీద మేకు చప్పుడు వినబడితే చాలు, ఎక్కడున్నా మెడలో గంట మోగించుకుంటూ దిగిపోయేవాడు. ఆ రోజు దిగలేదు. కుక్క వస్తోందని మా ఆయన వాడిని పైన పడకగదిలో పెట్టి తలుపేశారు.

వ్యాను వెనక తలుపు తియ్యగానే ముందు రెండు కాళ్ళు దిగాయి. కాసేపటికి మిగతా కుక్క దిగింది.

బూడిదరంగు ఒళ్ళు, వేలాడే పెదాలు, ఎవరినో పోగొట్టుకున్నట్టు చూసే కళ్ళు. దాన్ని చెడ్డదని చెప్పడానికి నోరు రాదు. తిన్నగా నా దగ్గరికొచ్చి, బరువంతా నా తొడ మీద వాల్చి నిలబడింది. నేను బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాను. తోక అటు ఊపితే సుద్దముక్కల డబ్బా, ఇటు ఊపితే దారపు ఉండలు కిందపడ్డాయి.

"ఇదేంటమ్మాయ్, ఇంకా పెరిగిందా ఇది?" అన్నాను.

"ఇది కాదు వదినా, వాడు," అంది చంటి. కళ్ళ కింద నల్లగా ఉంది, నవ్వడానికి ప్రయత్నం చేస్తోంది.

దొరనీ మేనేజరునీ వాడూ వీడూ అని పిలుచుకునే నేను, గున్నని ఇంకా గుమ్మం బయటే ఉంచానని అప్పుడు తెలిసింది.

మా ఆయన గున్న తాడు తీసుకుని గుడ్డ కోసే బల్ల కాలికి కట్టారు. పడుకోవాలంటే పడుకుంటుంది కదా అని పొడుగ్గానే వదిలారు. ఎవరైనా ఖాతాదారు తెలియక లోపలికొస్తే గుండె ఆగుతుందని, అందరం బయటికొచ్చాక జాలీ గేటు లాగి తాళం వేశారు. తాళం చెవి చొక్కా జేబులో పడింది. వచ్చేముందు ఆయన చెయ్యి మేకుల డబ్బాలోకి కూడా వెళ్ళిందని నేను చూసుకోలేదు. ముందు మనుషులం మాట్లాడుకుందాం, తర్వాత జంతువుల్ని ఒక్కొక్కటిగా కలుపుదాం అనుకుంటూ పక్కనున్న మెట్లెక్కి పైకి వెళ్ళాం.

ముందుగదిలో, తన మంచం పక్కన, అత్తయ్య చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు. తుంటి విరిగి బాగుపడినప్పట్నుంచీ ఆవిడ కర్ర కింద పెట్టరు. కూతుర్ని చూసి రెండు చేతులూ పట్టుకున్నారు, ఇద్దరూ కాసేపు ఏడ్చారు. ఏడుపు అయ్యాక చంటి నేల మీద చతికిలబడి మంచం కిందికి పిలిచింది.

"దొరా! ఎవరొచ్చారో చూడరా! రారా నా బంగారూ!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దొర మొదట చంటి కుక్కే. పెళ్ళయి వెళ్తూ, "ఆయన్ని ఒప్పించి నాలుగు రోజుల్లో వచ్చి తీసుకెళ్తాను వదినా" అని నా చేతుల్లో పెట్టి వెళ్ళింది. ఆ నాలుగు రోజులూ ఇంకా అవలేదు. ఈలోగా దొరకి పళ్ళూడాయి, కళ్ళు పోయాయి.

గొంతు వినగానే వాడి చెవులు లేచాయి. మంచం కింద నుంచి తోక ఊపుకుంటూ, దారిలో కుర్చీ కాళ్ళని ముక్కుతో తడుముకుంటూ వచ్చాడు. చంటి చేతులు చాచింది. ఆమె ఒడికి జానెడు దూరంలో ఆగిపోయాడు. ముక్కు పైకెత్తాడు. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఒకడుగు వెనక్కి వేశాడు, ఇంకో అడుగు వేసి గోడకి కొట్టుకున్నాడు. అక్కడే నిలబడి పోసేసుకున్నాడు. ఆ తర్వాత అత్తయ్య కుర్చీ కిందికి దూరి వణకడం మొదలుపెట్టాడు.

"నన్ను మర్చిపోయాడు," అంది చంటి. చేతులు ఇంకా చాచే ఉన్నాయి.

"ముసలాడైపోయాడు కదే. ఒక్కోసారి నన్నే గుర్తుపట్టడు," అన్నారు అత్తయ్య.

నేను తుడిచే గుడ్డ తెచ్చాను. ఈ ఇంట్లో నేల తడిస్తే లేచేది నేనే. తుడుస్తుంటే తట్టింది. మర్చిపోయినవాడు తోక ఊపుకుంటూ ఎందుకొచ్చాడు? గొంతు దగ్గరికి పిలిచింది, వాసన వెనక్కి నెట్టింది. చంటి బట్టల నిండా గున్న వాసనే. వ్యానులో దాని తల ఒళ్ళో పెట్టుకుని వచ్చింది, నా ముక్కుకే తెలుస్తోంది. మరి వారంగా అదే వాసన మీద గుర్రు పెట్టి నిద్రపోయినవాడికి ఇవాళ కొత్తగా ఈ వణుకేంటి?

గుడ్డ అక్కడే వదిలేసి, మంచం కిందికి వంగి దొర పరుపు బయటికి లాగాను.

చేతికే తెలిసిపోయింది. అది రగ్గు కాదు. మట్టిరంగే గానీ మా షాపు గుడ్డ, పోయిన ఏడాది బెంచీలకి వాడగా మిగిలిన ముక్క. చుట్టూ పైపింగు. మూలల్లో రెండేసి కుట్లు. మూల తిరిగేటప్పుడు దారం రెండుసార్లు వెయ్యడం మా ఆయన అలవాటు; నేను ఒకసారే వేస్తాను. ఏళ్ళ తరబడి దాని మీద మేం వాదించుకుంటూనే ఉన్నాం. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. గంజి వాసన, జిగురు వాసన, కొంచెం దొర వాసన. గున్నది మచ్చుకైనా లేదు.

"ఏవండీ, ఇదేంటి?"

మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. "ఊఁ?"

"ఊఁ కాదు. రగ్గు ఏది?"

సమాధానం కోసం ఆగలేదు. నడుము దగ్గర ఎప్పుడూ ఉండే చిన్న కత్తెర తీసి ఒక అంచు కుట్టు విప్పడం మొదలుపెట్టాను.

"అయ్యయ్యో, కొత్త గలీబు కదమ్మాయ్, అలా చించేస్తావేంటి!" అన్నారు అత్తయ్య.

కత్తెర ఆగిపోయింది. ఆవిడకీ తెలుసు. తన మంచం కింద జరిగిన పని ఆవిడకి తెలియకుండా ఉంటుందా? నాకే తోచలేదు.

గలీబు కింద పల్చటి స్పాంజి. స్పాంజి కింద మందపాటి ప్లాస్టిక్. కొత్త సోఫాలు పంపించేటప్పుడు దుమ్ము పడకుండా చుడతామే, అదే. అంచులన్నీ టేపుతో అతికించి ఉన్నాయి, గాలి కూడా దూరకుండా. దాని లోపల గున్న రగ్గు చక్కగా మడతపెట్టి ఉంది. చెప్పకూడదు గానీ, పనితనం చాలా బాగుంది. ఏ ఖాతాదారుకీ ఆయన ఇంత శ్రద్ధగా చేసివ్వడం నేను చూడలేదు.

ప్లాస్టిక్ కోశాను. వారంగా మగ్గిన వాసన ఒక్కసారి గది నిండా కొట్టింది. అత్తయ్య కుర్చీ కింద నుంచి దొర గుర్రుమన్నాడు. కరవడానికి పళ్ళు లేవు, అయినా గుర్రుమన్నాడు.

చంటి లేచి నిలబడింది. "ఇదేంటన్నయ్యా? ఫోటోలు పంపించావు కదా నాకు? గున్నగాడి రగ్గు మీదే దొర పడుకున్నాడని చెప్పి పంపించావు కదా?"

మా ఆయన గొంతు సవరించుకుని, బుగ్గ మీద వేలు పెట్టి చూపించారు. మేకులున్నాయట. మాట్లాడలేరట.

నేను లేచి ఆయన ముందుకి వెళ్ళి అరచెయ్యి చాచాను. "ఉమ్మండి."

"ఊఁహూఁ..."

"నా చేతిలో ఉమ్మండి. ఒక్కటి కూడా లోపల ఉండకూడదు."

చెల్లెలి వైపు చూశారు, తల్లి వైపు చూశారు. ఆఖరికి వంగి, ఒక్కొక్కటిగా నా చేతిలో వదిలారు. వెచ్చగా, తడిగా ఉన్నాయి. ఆఖరి మేకు వచ్చాక ఆయన మొహం చిన్నపిల్లాడిదిలా అయిపోయింది.

"మొదటి రోజు నేను రగ్గే వేశాను," అన్నారు. "ఒట్టు. పొద్దున్నే లేచి చూస్తే వీడు పరుపు ఎక్కలేదు. దాని పక్కనే గోడకి ఆనుకుని నిలబడే నిద్రపోతున్నాడు. కాళ్ళు వణుకుతున్నాయి. గిన్నెలో అన్నం ముట్టలేదు. నాకు చూడబుద్ధి కాలేదు."

"చూడబుద్ధి కాక?"

"కాక... కప్పేశాను."

"నాతో ఒక్క మాట చెప్తే ఏం పోయేది?"

"చెప్తే నువ్వు వద్దంటావు కదా."

"వద్దంటే?"

"చంటి ఏమైపోతుంది మరి?"

"మరి ఒప్పుకుంటే దొర ఏమైపోతాడు? వాడిని కూడా ప్లాస్టిక్‌లో చుడతారా?"

"నిదానంగా అలవాటు పడతాడేమోనని..."

"ఏ వాసనకండీ అలవాటు పడేది? జిగురుకా?"

చంటి మధ్యలోకి వచ్చింది. "ఆగు వదినా. అన్నయ్యా, నాకు ఒక్కటి చెప్పు. వదిన ఒప్పేసుకుంది, ఇల్లు ఖాళీ చేసెయ్, వాడిని తీసుకొచ్చెయ్ అన్నావు కదా? అది కూడా అబద్ధమేనా?"

నాకు నిజంగానే నవ్వొచ్చింది. నవ్వు వచ్చే చోటు కాదది. "ఒప్పేసుకున్నానా? ఎప్పుడు? నిద్రలోనా?"

"నీ ఇష్టం అన్నాను, నువ్వేం మాట్లాడలేదు. సరే అనుకున్నాను," అన్నారు మా ఆయన.

"మాట మీద మాట పెంచుకోకండర్రా," అన్నారు అత్తయ్య. "పిల్ల వచ్చేసింది. ఎలాగోలా సర్దుకుపోదాం."

"ఎవరు అత్తయ్యా సర్దుకునేది?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పేర్లు చెప్పండి. పొద్దున్నే దాన్ని తిప్పడానికి తీసుకెళ్ళేదెవరు? మీ అబ్బాయికి నడుం నొప్పి, అది ఒక్కసారి లాగితే ఈయన దాని వెనకే వీధి చివరిదాకా వెళ్తారు. మెట్ల మీద మీరు దిగుతూ అది ఎక్కుతుంటే మధ్యలో నిలబడేదెవరు? దొరని ఒక గదిలో, మేనేజరుని ఒక గదిలో, దాన్ని ఒక గదిలో పెట్టి తలుపులు తీస్తూ వేస్తూ తిరిగేదెవరు? ఉన్నవే రెండు గదులు. దొరని నాలుగు రోజులకని తీసుకున్నాను. ఒక్కనాడు నోరెత్తానా?"

"ఎత్తలేదు," అంది చంటి. ఆమె మొహం ఎర్రబడింది. "ఎత్తలేదు గానీ ఇవాళ అంటున్నావు చూశావా? పోన్లే, అను. నాకు కావాల్సిందే. కానీ వదినా, పిల్లి చేత గుడ్డలకి పరీక్షలు పెట్టించే ఇల్లు మీది. ఒక్క ప్రాణికి చోటివ్వడానికి ఇన్ని పరీక్షలా? ఎవరూ తీసుకోవట్లేదు వాడిని. ఫోటో చూసి ముద్దొస్తున్నాడంటారు, ఎత్తు చెప్పగానే ఫోన్ పెట్టేస్తారు. దిక్కులేని కుక్కల్ని ఉంచేచోటుకి వెళ్ళి చూశాను. ఆ బోనులో వాడు తలెత్తి నిలబడలేడు. రోజంతా వంగే ఉండాలి. అందులో వదిలి రమ్మంటావా? చెప్పు, నీ ఇ..."

"అనకు!" అన్నాను.

అంత గట్టిగా అరిచానని, దొర గుర్రుమనడం ఆపేశాక గానీ తెలియలేదు.

"ఇవాళ ఈ గదిలో ఆ మాట ఎవరూ అనకూడదు. అందరి ఇష్టాలూ మూట కట్టి నా నెత్తిన పెట్టి నీ ఇష్టం అంటారు. నేను మొయ్యను. ఎవరికేం కావాలో వాళ్ళ నోటితో వాళ్ళు చెప్పండి. అత్తయ్యా, ముందు మీరు. నా గురించి కాదు, మీ అబ్బాయి గురించి కాదు. మీకు ఆ కుక్క ఈ ఇంట్లో ఉండాలా, వద్దా?"

అత్తయ్య చేతికర్ర పిడి రుద్దారు. "నాకు భయంగా ఉందమ్మాయ్," అన్నారు మెల్లగా. "ఇందాక కిటికీలోంచి చూశాను. అదేమీ చెయ్యక్కర్లేదు, ప్రేమగా వచ్చి ఆనుకుంటే చాలు నేను పడిపోవడానికి. ఇంకోసారి పడితే నేను లేవను. ఆ మాట కూతురితో ఎలా అనను చెప్పు?"

"అమ్మా," అంది చంటి.

"మీరు?" అన్నాను మా ఆయనతో.

ఆయన చెయ్యి అలవాటుగా జేబు వైపు వెళ్ళింది. మేకులు నా గుప్పిట్లో ఉన్నాయి. జేబు దగ్గర వేళ్ళు కాసేపు ఆడి కిందికి దిగాయి.

"నాకు వద్దు," అన్నారు.

అంత చిన్న మాట. దాని కోసం ఇన్ని వారాలు.

"మొదట్నుంచీ వద్దు. దొర అలా నిలబడి నిద్రపోవడం చూసినప్పుడే తేలిపోయింది. కానీ చంటితో నేను ఎలా అంటాను? మొగుడు వదిలేశాడు, అన్నయ్య కూడా తలుపేశాడు అనుకోదూ? నువ్వే అంటావులే అని చూశాను. నువ్వు అనకుండా పోయిన వారం నుంచి మెత్తబడుతున్నావు. నాకేం చెయ్యాలో తోచలేదు."

నేను మెత్తబడింది ఆయన కుట్టిన పరుపు చూసి. ఆయన ఆ పరుపు కుట్టింది నేను వద్దంటానన్న భయంతో. ఆయన లోపల కోరుకున్నదేమో నేను వద్దనాలని. ఎవరికి మొర పెట్టుకోవాలి ఇది? తల్లీకొడుకులిద్దరూ ఎవరికి కావలసింది వాళ్ళు కడుపులో పెట్టుకుని, నా మొహం చూస్తూ కూర్చున్నారు. నేనేమో దయలేని మనిషిని అవుతానేమోనని నాలో నేను కుమిలిపోతున్నాను. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో అందరికంటే ఆ కుక్క వైపు ఎక్కువ మొగ్గింది నేనేనని చెప్తే ఎవరైనా నమ్ముతారా?

చంటి గోడకి ఆనుకుని నిలబడింది. ఏడవడం లేదు. చేతిలో గున్న పాత మెడపట్టీ ఉంది, దాన్ని వేళ్ళకి చుట్టుకుంటోంది, విప్పుతోంది. చిత్రం, అంతమంది మొహాల మధ్య నాకు ఆ ఒక్క మొహమే నచ్చింది. నోటితో నీ ఇష్టం అన్నా, తనకేం కావాలో మొదట్నుంచీ దాచనిది ఆ ఒక్కతే.

"సరే," అన్నాను. "అందరివీ అయ్యాయి. ఇప్పుడు నా ఇష్టం చెప్తాను. మధ్యలో ఎవరూ మాట్లాడకండి."

ముగ్గురూ నా వైపు చూశారు. దొర కూడా కుర్చీ కింద నుంచి ముక్కు బయటికి పెట్టాడు.

అప్పుడు వినిపించింది గంట.

పడకగదిలో నుంచి కాదు. కింద నుంచి.

నేను వెళ్ళి పడకగది తలుపు తీశాను. మంచం మీద మేనేజరు పడుకున్న గుంట ఉంది, మేనేజరు లేడు. వెనక కిటికీ రెక్క బెత్తెడు తెరిచి ఉంది. ఆ కిటికీ కిందే షాపు వెనక రేకు. అక్కడి నుంచి ముందుకొస్తే జాలీ గేటు. దాని సందుల్లోంచి దూరడం మేనేజరుకి రోజూ ఉండే పనే. స్టూలు మీద కొత్త వెల్వెట్టు బిగించాను కదా. ఆ మేకుల చప్పుడు వాడు విననే విన్నాడు. తలుపేసి ఉంటే మాత్రం డ్యూటీ మానేస్తాడా?

ఆ స్టూలు గుడ్డ కోసే బల్ల పక్కనే ఉంది. గున్న తాడు ఆ బల్ల కాలికే ఉంది. పొడుగు తాడు.

"వదినా," అంది చంటి నా వెనక నుంచి. "పిల్లిని లోపల పెట్టామన్నారు కదా?"

"పెట్టారు. దిగిపోయాడు." ఆమె మొహం చూశాను. రక్తం లేదు. "ఎందుకమ్మాయ్ అంత కంగారు? నీ గున్న పిల్లితోనే పెరిగిందన్నావు కదా?"

"పెరిగాడు." చంటి మెడపట్టీని గుప్పిట్లో నలిపేసింది. "వాడితోపాటు ఇంట్లో పిల్లి ఉండేదన్నాను. ఉండేది. ఆ పిల్లి ఏమైందని నువ్వు అడగలేదు వదినా. నేను చెప్పలేదు."

నేను మెట్ల మీదికి పరుగెత్తాను. మేనేజరు పరుగెడితే ఆ గంట గలగలమంటుంది. ఇప్పుడు అలా లేదు. ఒక్కో అడుగుకి ఒక్కోసారి, తీరిగ్గా మోగుతోంది. భయపడి పారిపోతున్నవాడి చప్పుడు కాదది. రోజూలాగే తన స్టూలు దగ్గరికి పనికి వెళ్తున్నవాడి చప్పుడు. తాడు నేల మీద రాసుకుంటూ లేచిన శబ్దం కూడా వినిపించింది.

సగం మెట్లు దిగాక గుర్తొచ్చింది, గేటు తాళం చెవి ఆయన చొక్కా జేబులో ఉందని. నా గుప్పిట్లో ఉన్నవి మేకులే.